వేలు పెట్టించుకునే యంత్రం చీటీ ఎందుకు ఇవ్వదు?

డిండి ఒడ్డు, దేవరకొండ

సభ్యులకు నమస్కారం. మా అమ్మ విషయంలో జరిగిన ఒక సంగతి చెప్పి, సలహా అడగడానికి ఇది రాస్తున్నాను. ఆమెకు అరవై ఒకటో ఏడు, చదువు రాదు. ఖాతాలో నెలనెలా పడే వితంతు పింఛను 2,016 రూపాయలతో పాటు, పత్తి ఏరిన కూలి డబ్బు కూడా కొంత ఉంటుంది. బ్యాంకు దూరం కాబట్టి పక్క ఊరి దుకాణంలో ఉన్న చిన్న యంత్రం మీద వేలు పెట్టి, కావలసినంత తెచ్చుకుంటుంది. దసరా ముందు ఒకరోజు రెండు వేలు కావాలని వెళ్లింది. మొదటిసారి వేలు పడలేదన్నారు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టమన్నారు. మూడోసారి పడిందని చెప్పి రెండు వేలు చేతిలో పెట్టారు. నెల తర్వాత నేను ఊరికి వచ్చి పాస్‌బుక్కు ప్రింటు వేయిస్తే, ఆ ఒక్క తేదీనే రెండు వేల చొప్పున రెండుసార్లు తీసినట్లు ఉంది.

దుకాణదారును అడిగాను. సర్వరు తప్పని, దానంతట అదే తిరిగి పడుతుందని అన్నాడు. ఆయన మోసం చేశాడని నేను అనడం లేదు. చేయలేదని చూపించే కాగితం ఆయన దగ్గరా లేదు, మా దగ్గరా లేదు. నా బాధ అదే.

మా తాత షావుకారు దగ్గర ఖాళీ ప్రోనోటు మీద నిశానీ పెట్టి వచ్చేవాడని, దాని మీద ఎంత రాసుకున్నారో ఉగాది లెక్కల నాడు తెలిసేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. అమ్మ ఆ మాట గుర్తుచేసి, 'మీ తాతకు కాగితమన్నా కనబడేది, నాకు ఎర్రలైటు తప్ప ఏమీ కనబడలేదు బిడ్డా' అన్నది. వేలిముద్రకు తాళం వేసే వీలుందని విన్నాను. అది వేస్తే రేషను ఆగిపోతుందా? అసలు ఆ రోజు ఆమె వేలు ఎన్నిసార్లు, దేని కోసం వాడారో తెలుసుకునే దారి ఉన్నదా?


ఎడమ కాలువ, హాలియా

అన్నా, ఎనిమిదేళ్లుగా నేను అలాంటి పాయింటే నడుపుతున్నాను కాబట్టి యంత్రం ఏమి చేస్తుందో నాకు తెలిసినంత చెబుతాను. మొదటి సంగతి, మీ అమ్మగారి వేలిముద్ర ఆ దుకాణంలో నిల్వ ఉండదు. వేలి గీతలు ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ రెండుగా చీలుతున్నాయో ఆ బిందువులను యంత్రం పట్టుకుని, అక్కడికక్కడే రహస్య సంకేతంగా మార్చి పంపుతుంది. ఆధార్ సంస్థ నుంచి అవును, కాదు అన్న జవాబు తప్ప వేరే ఏమీ తిరిగి రాదు. 2023 నుంచి బిందువులతో పాటు వేలి బొమ్మను కూడా కలిపి చూసి, అది బతికున్న మనిషి వేలా, రబ్బరుతో చేసినదా అని పసిగట్టే ఏర్పాటు కూడా తెచ్చారు.

రెండోది, మీకు జరిగినట్లు జరగడానికి మోసమే అక్కరలేదు. వేలు సరిపోయింది, బ్యాంకు డబ్బు తగ్గించింది, కానీ ఆ జవాబు మా తెర మీదికి వచ్చేలోపు నెట్‌వర్కు పోయింది అనుకోండి. మాకు 'విఫలం' అని కనబడుతుంది, మళ్లీ వేలు పెట్టమంటాము. ఇలాంటి వాటికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే గడువు పెట్టింది: అయిదు రోజుల్లోపు ఆ సొమ్ము ఖాతాకు తిరిగి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. అడిగిన వాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను.

మూడోది కొంచెం చేదు మాట, మా వృత్తి వాళ్లకే. తెర మీద విజయవంతం అని వచ్చినా 'పడలేదు అవ్వా' అని మళ్లీ పెట్టించుకునే వాళ్లు లేరని నేను అనలేను. ఈ రెండింటినీ బయటి నుంచి చూసే మనిషి విడదీయలేడు.

ఆధార్ వెబ్‌సైటులో గత ఆరు నెలల్లో మీ అమ్మగారి ఆధార్ ఎక్కడెక్కడ వాడారో, ఏ సమయానికి, వేలితోనా ఓటీపీతోనా, సరిపోయిందా లేదా అన్నది కనబడుతుంది. అయితే ఎంత సొమ్మన్నది అక్కడ ఉండదు, అది బ్యాంకు వారి దగ్గరే ఉంటుంది. వేలి లెక్క ఒక ఇంట్లో, పైసల లెక్క ఇంకో ఇంట్లో ఉన్నట్లు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప సంగతి తేలదు.

తాళం వేస్తే వేలు, కనుపాప, ముఖం మూడూ పనిచేయవు, ఓటీపీ పనిచేస్తుంది. రేషనుకు వెళ్లే రోజు కొద్ది నిమిషాల పాటు తీసి మళ్లీ పడేలా చేసుకోవచ్చు. కానీ అన్నింటికీ ఆధార్‌కు జోడించిన ఫోను చేతిలో ఉండాలి.


గడియారం చౌరస్తా, నల్లగొండ

పై ఇద్దరూ చెప్పినది చదివాక, అర్థశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన వాడిగా ఒక పాత సంగతి గుర్తుచేయాలనిపించింది. ఆధార్ మన పల్లెలకు చేరకముందే నల్లగొండ ఈ ప్రయోగానికి వేదిక అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీకి, పింఛనుకు వేలిముద్రతో నడిచే స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు, 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ఏ మండలానికి ముందు ఇవ్వాలన్నది చీటీలు తీసినట్లుగా నిర్ణయించి, ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఆ 8 జిల్లాల్లో మనదీ ఒకటి. 2016లో అచ్చయిన వారి అధ్యయనం ప్రకారం కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది, మధ్యలో కారిపోయే సొమ్ము తగ్గింది, కార్డు వాడిన వారిలో నూటికి తొంభై మందికి పైగా ఇదే మేలన్నారు.

కాబట్టి యంత్రం అంటేనే మోసమని నేను ఒప్పుకోను. పూర్వం పింఛను పంచే రోజున ఎంత కోత పెట్టేవారో ఈ వేదికలో నా ఈడు వారికి తెలుసు.

అయితే అదే అధ్యయనంలో చాలామంది దాటేసే సంగతి ఒకటి ఉంది. రెండేళ్లు గడిచినా చెల్లింపుల్లో దాదాపు సగమే కార్డుతో జరిగాయి. కార్డు లేదని, వేలు పడలేదని ఎవరినీ వెనక్కి పంపలేదు, పాత దారి తెరిచే ఉంది. తర్వాత అదే ముగ్గురు జార్ఖండ్‌లో రేషను దుకాణాలను పరిశీలించారు. అక్కడ ఆధార్‌తో వేలు కలిస్తేనే బియ్యం అన్నారు. ముందుగా ఆధార్ జోడించుకోని కుటుంబాలకు అందే సరుకు విలువ సుమారు 10 శాతం తగ్గిపోయింది. రెండు చోట్లా కొలిచింది వేలిముద్రనే. నల్లగొండలో పక్కదారి తెరిచి ఉంచారు, జార్ఖండ్‌లో మూసేశారు.

ఇంకొక్క మాట, కొంచెం పక్కకు పోతున్నానని తెలుసు. డిండి ఒడ్డు గారి తాతగారి ప్రోనోటు సంగతి చదివి, సాయుధ పోరాట కాలంలో మన జిల్లాలో జనం గడీల మీద పడి ముందుగా వెతికింది ధాన్యం కాదని, పత్రాలని మా నాయన చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. కాగితానికి ఉన్న బలమేమిటో చదువు రానివారికే బాగా తెలుసు.


మాజీ వార్డు మెంబరు, మక్తల్

మాస్టారు గారి మాటల మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. పాత దారి తెరిచి ఉంచితే పాత దొంగలే ఆ దారిన వస్తారు. మా ఊళ్లో చనిపోయి ఆరేళ్లయిన మనిషి పేరిట కిరోసిను, బియ్యం తీసిన రోజులను నేను స్వయంగా చూశాను. ఆ పేరు మాయమైంది వేలిముద్ర వచ్చాకనే. ఒకరిద్దరికి వేలు పడలేదని ఊరంతటి మేలును వదులుకోవాలా? దాచవలసినది ఏమీ లేని వాడికి వేలు పెట్టడానికి భయమెందుకు?


మన్యంకొండ నీడ, మహబూబ్‌నగర్

మెంబరు గారూ, నేను కోర్టులో నల్లకోటు వేసుకునే వాడిని కాబట్టి మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. దాచవలసినది లేకపోతే భయమెందుకు అన్న వాదనకు 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా జవాబు చెప్పింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు వేసిన ఆ కేసులో, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో అంతర్భాగమని తేల్చారు. గోప్యత అంటే తప్పును దాచుకోవడం కాదు. నా గురించిన ఏ సమాచారం ఎవరికి, ఎందుకు, ఎంతవరకు ఇవ్వాలన్నది నిర్ణయించుకునే అధికారం నా దగ్గర ఉండడం. మీరు మీ ఇంటి తలుపు మూసుకుంటే లోపల దొంగ సారా కాస్తున్నారని ఎవరూ అనుకోరు కదా.

2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టం మీద తీర్పు వచ్చింది. నలుగురు చట్టం నిలుస్తుందన్నారు, జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరు మొత్తం చట్టమే చెల్లదన్నారు. నిలిచిన చట్టానికి కూడా కోతలు పడ్డాయి. ప్రైవేటు సంస్థలు కాంట్రాక్టు పేరు చెప్పి ఆధార్ అడగడానికి వీలిచ్చిన 57వ సెక్షను ఆ మేరకు పోయింది. బ్యాంకు ఖాతాకూ సిమ్ముకూ ఆధార్ తప్పనిసరి అనడం పోయింది. మన ఆధార్ ఎక్కడెక్కడ వాడామన్న చిట్టాను అయిదేళ్లు దాచే ఏర్పాటును ఆరు నెలలకు కుదించారు. వేలు పడనంత మాత్రాన హక్కుగా రావలసినది ఆపరాదన్న హామీ కూడా ఆ తీర్పులో నమోదైంది. ఆ హామీని రేషను దుకాణం గోడ మీద తెలుగులో రాసి ఉండగా నేను ఇంతవరకు చూడలేదు.

మీరు చెప్పిన చనిపోయిన మనిషి సంగతి నిజమే. ఒకరి పేరిట ఇంకొకరు తీసుకోవడాన్ని వేలిముద్ర ఆపుతుంది. కానీ వేలు పెట్టించుకుని మనిషికి ఆరు కిలోల బదులు అయిదు తూచి ఇస్తే ఆ యంత్రానికి ఏమి తెలుస్తుంది? పైగా యంత్రం లెక్కలో ఆరు కిలోలూ అందినట్లే, దానికి సాక్ష్యం ఆమె వేలే.

పేర్ల తొలగింపు గురించి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో వివిధ శాఖల సమాచారాన్ని కలిపి చూసి అనర్హులను ఏరే 'సమగ్ర వేదిక' అనే కంప్యూటరు ఏర్పాటు ఉంది. దాదాపు 19 లక్షల రేషను కార్డులు రద్దయిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటింటికీ వెళ్లి మళ్లీ విచారించాలని 2022లో కోర్టు ఆదేశించింది. పేరు ఎందుకు పోయిందో ఆ పేరు గల మనిషికి చెప్పకపోవడమే అక్కడి అసలు తగాదా.


ఫ్లోరైడు బావి, మర్రిగూడ

నాది చిన్న మాట. మా పెద్దమ్మకు ఫ్లోరైడు నీళ్లతో చేతి వేళ్లు వంగిపోయాయి, చాపవు. ఆ అద్దం పలక మీద వేలు బోర్లా ఆనించాలంటే ఎవరో ఒకరు పట్టుకుని వంచాలి. ఆమె నొప్పితో మూలిగితే వెనుక వరసలో ఉన్నవాళ్లు 'జల్ది కానియ్యండి' అంటారు. కనుపాప యంత్రం తెస్తే కంట్లో పొర. చివరికి నా మనుమరాలు తోడు వెళ్లి ఫోనుకు వచ్చే అంకెలు చెప్పి బియ్యం తెస్తున్నది. మెంబరు గారు ఒకరిద్దరు అన్నారు. మా మర్రిగూడ, నాంపల్లి పల్లెల్లో ఒకరిద్దరు కాదు.


దస్తావేజుల అరుగు, నాగర్‌కర్నూల్

ఎడమ కాలువ గారు యంత్రంలో ముద్ర నిల్వ ఉండదన్నారు. ఉండకపోవచ్చు. దొంగకు యంత్రంతో పనేమిటి? ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్న నా చేతుల మీదుగానే ఎన్ని వేల వేలిముద్రలు కాగితాల మీదికి వెళ్లాయో నేను లెక్కపెట్టలేదు.

రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో 32ఏ సెక్షను చేర్చి, భూమి అమ్మేవారూ కొనేవారూ ఫొటోతో పాటు వేలిముద్ర వేయాలన్నారు. దొంగ అమ్మకాలను ఆపడానికి వచ్చిన మంచి నియమం అది. అదే 1908 చట్టంలోని 57వ సెక్షను ఏమంటుందంటే, స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. భూమి ఎవరిదో ఊరందరికీ తెలియాలన్న ఉద్దేశంతో పెట్టిన ఇదీ మంచి నియమమే. (వకీలు గారు చెప్పిన 57 వేరు, ఇది వేరు; సెక్షన్లకు అంకెలు కరువైనట్లున్నాయి.) రెండు మంచి నియమాలు కలిసి, ఆధార్ సంఖ్యా వేలిముద్రా ఒకే కాగితం మీద ఉండి ఎవరైనా తీసుకోగలిగే స్థితిని తెచ్చాయి.

ఇది ఊహ కాదు. 2018లో మన రాష్ట్రంలోనే పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలకు రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో అచ్చులు పోసి, వేల సంఖ్యలో సిమ్ములకు ప్రాణం పోశాడు. హైదరాబాదు పోలీసులు అతణ్ణి పట్టుకున్నారు. కంపెనీ పెట్టిన అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికే చేశాడని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. గూఢచారి కాదు, విదేశీ ముఠా కాదు, లక్ష్యం చేరుకోవాలన్న ఒక చిల్లర వ్యాపారి.

జర్మనీలో 2008లోనే ఒక కంప్యూటరు ఔత్సాహికుల సంఘం, వేలిముద్రల పాస్‌పోర్టును సమర్థించిన హోంమంత్రి షోయ్‌బ్లె నీళ్లు తాగిన గ్లాసు మీది నుంచి ఆయన ముద్ర తీసి, అతికించుకునే పొరగా తమ పత్రికతో పాటు పంచింది. తాళం చెవి పోతే తాళం మారుస్తాం. వేలు పోతే? అమెరికా ప్రభుత్వ సిబ్బంది రికార్డులు 2015లో దొంగల పాలైనప్పుడు 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. వారందరూ ఆ వేళ్లతోనే బతకాలి.

నేను మాత్రం ఇప్పుడు దస్తావేజు రాయించుకోవడానికి వచ్చే పార్టీలకు ఒక్క మాట చెబుతున్నాను. రిజిస్ట్రేషను అయిన రోజు సాయంత్రమే ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకోమని. నవ్వుతారు.


ఎడమ కాలువ, హాలియా

దస్తావేజుల అరుగు గారూ, నవ్వవలసిన మాట కాదది. రబ్బరు ముద్రలను ఆపడానికే కొత్త యంత్రాలు వచ్చాయి, పాతవి వాడకం నుంచి తీసేస్తున్నారు. మా మీద కూడా 2026 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు వచ్చాయి, మూడు నెలలు వరసగా వ్యవహారం చేయని పాయింటును మళ్లీ విచారించాకే నడపనివ్వాలి. కాకపోతే ముద్ర దొంగదైతే పట్టే యంత్రం ఉంది కానీ, ముద్ర నిజమైనదై పెట్టించుకున్న ఉద్దేశం దొంగదైతే పట్టే యంత్రం లేదు.


వలస బస్సు, కోస్గి

మా అమ్మా నాయినా ముంబయిలో ఇరవై ఏళ్లు మట్టి పని చేశారు. పాలమూరు లేబర్ అంటే ఏమిటో ఈ వేదికలో వివరించే పని లేదు. అక్కడ ఉన్నన్నాళ్లూ మా రేషను కార్డు కోస్గిలోనే ఉండేది, బియ్యం బజారులో కొనుక్కునేవాళ్లం. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య, అలాగే మహారాష్ట్ర, గుజరాత్‌ల మధ్య ఏ రాష్ట్రం కార్డుతోనైనా రేషను తీసుకునే పద్ధతి మొదలై, తర్వాత దేశమంతా వచ్చింది. ఇప్పుడు మా అన్నా వదినలు పుణెలో ఉండి అక్కడే తీసుకుంటున్నారు. వేలిముద్ర లేకపోతే ఇది జరిగేది కాదు. గోప్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని మరువవద్దని మనవి.

అదే సమయంలో, నన్ను కలవరపెట్టేది యంత్రం కన్నా జిరాక్సు. మేస్త్రీ దగ్గర మా వాళ్లందరి ఆధార్ నకళ్లూ ఒక ప్లాస్టికు సంచిలో ఉంటాయి. గది అద్దెకు ఒకటి, గేటు పాసుకు ఒకటి, సిమ్ముకు ఒకటి. నాయిన తన జీవితంలో నలభై నకళ్లయినా ఇచ్చి ఉంటాడు. చివరి నాలుగు అంకెలు తప్ప మిగిలినవి కనబడని ఆధార్ ప్రతి ఉంటుందని, పన్నెండు అంకెల బదులు పదహారు అంకెల మారు సంఖ్య 2018 నుంచి ఉందని నాకు తెలిసింది నేను డిగ్రీకి వచ్చాక. నేను ఆ అంకెలు మూసిన ప్రతి ఇస్తే మేస్త్రీ 'ఇది చెల్లదు, ఒరిజినల్ తే' అన్నాడు. హక్కు నాకు ఉంది, పని ఆయన చేతిలో ఉంది.


పలక బలపం, నారాయణపేట

మా పిల్లల గురించి కూడా ఒక మాట. బడుల్లో హాజరు ముఖ గుర్తింపు యాప్‌లోకి మారింది, ఉపాధ్యాయులదీ అంతే. నా హాజరు ఫోను తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు, జీతం తీసుకునే దాన్ని. ఏడేళ్ల పిల్ల ముఖాన్ని అలా తీసుకున్నప్పుడు ఆ కొలతలు ఎన్నేళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో తల్లిదండ్రులకు కాగితం మీద రాసి ఇచ్చామా? తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి నన్ను ఈ ప్రశ్న అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఎండలో నల్లబడి వచ్చిన పిల్లల్ని, గుండు చేయించుకుని వచ్చిన పిల్లల్ని ఒక్కోసారి గుర్తుపట్టక మా ఆయా నవ్వేది, ఇప్పుడు ఆ వంతు ఫోనుకు వచ్చింది.

వేలు పెట్టాలంటే మనిషి చేయి చాపాలి, అంటే ఒప్పుకున్నట్లో ఒప్పుకోనట్లో కనీసం తెలుస్తుంది. ముఖానికి ఆ అవసరం లేదు. దారిన పోయేవాడి ముఖం అడగకుండానే తీసుకోవచ్చు. హైదరాబాదులో ఎస్.క్యూ. మసూద్ గారిని 2021లో రోడ్డు మీద ఆపి, మాస్కు తీయించి ఫొటో తీసినందుకు ఆయన హైకోర్టులో వ్యాజ్యం వేశారు. ఓటరును ముఖంతో గుర్తించడాన్ని 2020 జనవరి మునిసిపల్ ఎన్నికల్లో కొంపల్లిలో పది పోలింగు కేంద్రాల్లో పరీక్షించి చూశారు. ఏ ఒక్కటీ మన జిల్లాల్లో పెద్ద చర్చకు రాలేదు.


మాజీ వార్డు మెంబరు, మక్తల్

పంతులమ్మ గారి మాట ఆలోచించదగినది. చిన్న పిల్లల సంగతి నేను అనుకోలేదు, నా మనుమడు కూడా అదే యాప్‌లో ఉన్నాడు. మర్రిగూడ వారికి నా క్షమాపణ, ఒకరిద్దరు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చనిపోయిన మనిషి బియ్యం సంగతి మాత్రం తీసుకోను.

వకీలు గారూ, ఒక అనుమానం. ఈ మధ్య డేటా రక్షణ చట్టం వచ్చిందన్నారు. దానితో డిండి వారి అమ్మగారికి ఏమైనా ఒరిగేది ఉందా?


మన్యంకొండ నీడ, మహబూబ్‌నగర్

2023 ఆగస్టులో చట్టమైంది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అప్పటి నుంచి పద్దెనిమిది నెలలకు గాని అమలులోకి రావు. మన సమాచారం తీసుకునేవారు ఏమి, ఎందుకు తీసుకుంటున్నారో అర్థమయ్యే భాషలో చెప్పాలని అందులో ఉంది, తెలుగులో అడిగే వీలు కూడా ఉంది. అయితే సబ్సిడీలు, పింఛన్ల వంటివి ఇవ్వడానికి ప్రభుత్వం మన సమ్మతి అడగకుండానే సమాచారం వాడుకోవచ్చని 7వ సెక్షను చెబుతుంది. మన పల్లెల్లో వేలు పెట్టే సందర్భాలు చాలావరకు ఆ ఖాతాలోకే వస్తాయి. అంటే ఎవరికి వివరించి చెప్పడం ఎక్కువ అవసరమో వారి దగ్గరే ఆ నియమం పలచబడింది. నా అభిప్రాయం ఇది, ఒప్పుకోని వకీళ్లు ఉంటారు.

కోర్టుకు వెళ్తే లాభం లేదని మాత్రం అనుకోవద్దు. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు ధరణిలో వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషనుకు ఆధార్, కులం, కుటుంబ సభ్యుల వివరాలు అడిగినప్పుడు, 2020 డిసెంబరులో మన హైకోర్టు వాటిని పట్టుబట్టరాదన్నది. ఆధార్ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు మొదట ఆధార్ సంస్థకు మాత్రమే ఉండేది, 2019 సవరణతో బాధితుడికీ వచ్చింది.


నిర్వాహకుడు

ఒక సభ్యుడు ఒక పాయింటు నడిపే వ్యక్తి పేరు, ఊరు రాసినందున ఆ వ్యాఖ్యను తీసివేశాం. గోప్యత మీద చర్చలో ఇది మరీ చిత్రం. విషయం మీద కొనసాగించండి.


డిండి ఒడ్డు, దేవరకొండ

సమాధానం ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు పట్టింది, కాని జరిగింది చెబుతాను.

ముందుగా చిట్టా చూద్దామంటే అమ్మ ఆధార్‌కు జోడించి ఉన్నది పోయిన నాయిన ఫోను నంబరు. ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. నంబరు మార్పించడానికి కేంద్రానికి వెళ్తే అక్కడా వేలు పెట్టమన్నారు. అమ్మ నా ముఖం చూసింది. కుడిచేతి వేళ్లు ఏవీ పడలేదు, ఎడమ చూపుడు వేలు పడింది. పత్తి ఏరే చేయి కుడిది.

కొత్త నంబరు ఎక్కాక చిట్టా తెరిచాం. ఆ రోజు 10:41కి ఒకసారి కలవలేదు, 10:43కి కలిసింది, 10:47కి మళ్లీ కలిసింది. అంటే 'మొదటిసారి పడలేదు' అన్నది నిజం. రెండోసారి పడలేదన్నది నిజం కాదు, లేదా ఎడమ కాలువ గారు చెప్పినట్లు ఆయన తెరకు చేరలేదు. ఈ రెండింటిలో ఏదో తేల్చే ఆధారం ఆ చిట్టాలో కూడా లేదు. దానినీ పాస్‌బుక్కునూ కలిపి బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. తొమ్మిదో రోజున రెండు వేలు తిరిగి పడ్డాయి. ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది, కారణం లేదు. ఆలస్యానికి రోజుకు 100 రూపాయల పరిహారం అడుగుతూ రెండో ఉత్తరం పెట్టాను, దానికి ఇంకా జవాబు రాలేదు.

తాళం వేయలేదు. వేద్దామనే అనుకున్నాను, కాని ప్రతిసారీ ఓటీపీకి నా మీద ఆధారపడాలంటే అమ్మ ఒప్పుకోలేదు. 'ఇప్పటిదాకా ఆయన చేతిలో ఉన్నా, ఇకనుంచి నీ చేతిలో ఉండాల్నా' అన్నది. దానికి నేను ఏమీ అనలేకపోయాను. ఎడమ కాలువ గారిని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. యంత్రంలో ప్రింటరు ఉంటుంది కదా, చీటీ ఎందుకు ఇవ్వరు?


ఎడమ కాలువ, హాలియా

కోపమేమీ లేదన్నా, సిగ్గే ఉంది. నా ప్రింటరులో కాగితం చుట్ట అయిపోయి రెండు నెలలైంది. చుట్ట ఖర్చు మాదే, ఒక వ్యవహారానికి వచ్చే కమీషను కొద్దిది, అడిగే వాళ్లు లేరు. మీరు మొదటి పోస్టు పెట్టిన మర్నాడు మిర్యాలగూడ నుంచి పది చుట్టలు తెప్పించాను. విఫలమైన దానికి కూడా చీటీ తీసి ఇస్తున్నాను, అది ఇస్తేనే మనిషికి నమ్మకం కుదురుతుందని ఇప్పుడు అర్థమైంది. వరస కొంచెం నెమ్మదిగా నడుస్తున్నది. చీటీ మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది, అది నా చేతిలో లేదు. రాసిన అక్షరాలు కూడా ఎండకు నెల రోజుల్లో తెల్లబడిపోతాయి, కాబట్టి పాస్‌బుక్కు మధ్యలో పెట్టుకోమని చెబుతున్నాను.


డిండి ఒడ్డు, దేవరకొండ

ఇంగ్లీషైనా అంకెలు అంకెలే కదా. అమ్మకు చదువు రాకపోయినా నోట్ల మీది అంకెలు తెలుసు. 2000 అంటే ఎలా ఉంటుందో, ఒక సున్నా పెరిగితే ఎలా ఉంటుందో వంటింటి గోడ మీద బొగ్గుతో రాసి చూపించాను. పక్కింటి ఏడో తరగతి పిల్ల 'విఫలం' అన్న ఇంగ్లీషు మాటను దాని కింద రాసి పెట్టింది. సోమవారం పింఛనుకు వెళ్తుంది, వచ్చాక చీటీ సంగతి ఇక్కడ రాస్తాను.